తుపాకి దుకాణంలో చట్టానిదే తొలి పలుకు

తక్కువ ఖర్చులో మంచి సెమీ ఆటోమేటిక్ వేట రైఫిలు ఏది? అమెరికాలో ఇది దుకాణదారుని అడిగే మామూలు ప్రశ్న. 1964లో రూగర్ కంపెనీ విడుదల చేసిన .22 బోరు రైఫిలు నేటికీ అక్కడి సామాన్యుల ఇళ్ళలో కనిపించడానికి దాని చౌకదనం ఒక ముఖ్య కారణం. ఢిల్లీలో ఇదే ప్రశ్నతో తుపాకుల దుకాణం మెట్లెక్కినవానికి లభించే సమాధానంలో ధర ప్రస్తావనే ఉండదు. దుకాణదారుడు ముందుగా అడిగేది లైసెన్సు. ఆ లైసెన్సు చూసిన తరువాత చెప్పేది, అటువంటి రైఫిలు దానిపై అమ్మడం కుదరదని.

మీట నొక్కిన ప్రతిసారీ ఒక గుండు పేలి, తరువాతి తూటా తనంతట తానే గొట్టంలోకి చేరే తుపాకి సెమీ ఆటోమేటిక్. మీట నొక్కిపట్టినంతసేపూ పేలుతూనే ఉండే ఆటోమేటిక్‌కు ఇది తమ్ముడి వరుస. 1959 నాటి ఆయుధాల చట్టం కింద వచ్చిన 1962 నియమావళి ఈ రకం రైఫిళ్ళను మొదటి వర్గంలో చేర్చింది. దాని స్థానే వచ్చిన 2016 నియమావళి కూడా ఆ మాటే నిలబెట్టింది. జిల్లా యంత్రాంగం ఇచ్చే మామూలు లైసెన్సుకు అవి అందవు. ప్రాణభయం వంటి బలమైన కారణం చూపి, కేంద్ర హోం శాఖను ఒప్పించవలసిందే.

ఈ భయానికి మూలాలు తెల్లదొరల కాలంలో ఉన్నాయి. 1878లో లిట్టన్ ప్రభువు తెచ్చిన ఆయుధాల చట్టం భారతీయుని చేతిలోని ఆయుధాన్ని అనుమానించింది; దానిని సవరించాలని కాంగ్రెసు మహాసభలు తీర్మానాలు చేశాయి. సైన్యపు తూటా పౌరుని తుపాకిలో ఇమడరాదన్నది ఆనాటి పాలకుల సూత్రం. అందుకే సైనికుల .303కు భిన్నంగా .315 బోరు పౌరులకు దక్కింది. స్వరాజ్యం వచ్చినా సూత్రం మారలేదు. సైన్యపు 7.62 తూటా పట్టే రైఫిలు, బోల్టు చేత్తో లాగి కాల్చేదైనా సరే, మొదటి వర్గంలోనిదే. దానికంటె కాస్త బలమైన .30-06 మాత్రం మామూలు లైసెన్సుకు లొంగుతుంది! సర్కారు వారి భయం తుపాకి బలాన్ని గురించి కాదు, బారకాసుల నుంచి తూటాలు జారిపోవడాన్ని గురించి.

ఇంతకూ సెమీ ఆటోమేటిక్ లేనందువల్ల మన క్రీడాకారుడు నష్టపోయినదేమిటి? నిజానికి స్వల్పమే. వేటకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సంకెళ్ళు వేసింది. మిగిలిన కొద్దిపాటి అవకాశాన్ని 1991 సవరణ మూసివేసింది. ఇక పంటలను పాడుచేసే జంతువుల మాట. 2016లో బీహారులోని మొకామాలో నీలగాయిలను కాల్చడానికి హైదరాబాదు నుంచి షూటర్లను రప్పించినప్పుడు, మేనకా గాంధీ, ప్రకాశ్ జావడేకర్ అనే ఇద్దరు కేంద్ర మంత్రులు బాహాటంగా తగవుపడ్డారు. అంటే మన దేశంలో ‘స్పోర్టింగ్’ అన్న మాటకు మిగిలిన అర్థం పోటీ ఒక్కటే. ఒలింపిక్ రైఫిలు పోటీలలో సెమీ ఆటోమేటిక్‌కు చోటు లేదు. రైల్వేలో టికెట్ కలెక్టరుగా పనిచేసిన స్వప్నిల్ కుసాలే 2024లో పారిస్‌లో కాంస్యం గెలిచిన పోటీలో ప్రతి గుండుకూ తూటాను చేత్తోనే ఎక్కించాలి. 2019లో క్రైస్ట్‌చర్చ్‌లో 51 మంది బలైన కొద్ది వారాలకే న్యూజిలాండ్ ఆ రకం ఆయుధాలను చాలావరకు నిషేధించింది. మన నిషేధం తప్పని ఈ రచయిత అనలేడు.

తప్పు మరొకచోట ఉన్నది. చిన్న జేబు గలవాడు ఏమి కొనగలడు? బెంగాలులోని ఇషాపూర్ రైఫిలు ఫ్యాక్టరీ చేసే .315 బోల్టు రైఫిలు గట్టిది, సూక్ష్మ లక్ష్యాలకు పనికిరానిది. అదే కర్మాగారపు .22 అభ్యాసానికి మేలు, అంతర్జాతీయ పోటీకి చాలదు. పాత విదేశీ రైఫిలు దొరికితే అదృష్టమే. కానీ గొట్టం లోపలి గాడులు తుప్పు తిన్నవేమో వెలుతురుకెత్తి చూసుకోవాలి, అంకెలు లైసెన్సుతో సరిపోవాలి, అన్నిటికంటె ముందు ఆ బోరు తూటాలు దేశంలో దొరుకుతాయో లేదో తేల్చుకోవాలి. తుపాకి ఒకసారి కొంటాము. తూటా మాత్రం బతికినన్నాళ్ళూ కొనాలి.

కొత్త విదేశీ రైఫిలు మాటేమిటి? 1980ల నుంచి పౌరులకు దిగుమతి ద్వారం మూసుకున్నది. పేరుపడిన షూటర్లకు మాత్రం మినహాయింపు. ఆ పేరు రావాలంటే జాతీయ పోటీలో నిర్ణీత స్కోరు సాధించాలి. ఆ స్కోరుకు మంచి రైఫిలు కావాలి. ఈ చక్రంలోకి ప్రవేశం సంపన్నుల బిడ్డకు సులభం. బికనీర్ మహారాజు, పాతికేళ్ళు లోక్‌సభ సభ్యుడు అయిన కర్ణీ సింగ్ పేరిట తుగ్లకాబాదులో రేంజి వెలసింది; ఈ ఆట ఎవరి ఇంట పుట్టిందో ఆ పేరే చెబుతుంది. 2019 సవరణ మామూలు పౌరునికి మూడు ఆయుధాల హద్దును రెండుకు కుదించింది. 2020లో కేంద్రం అంతర్జాతీయ పతక విజేతలకు పన్నెండు వరకు అనుమతించింది. అందులో తప్పులేదు. పోటీ గడప దాటని కుర్రవానికి ఒక్కటైనా దక్కే దారి ఏదన్నదే ప్రశ్న.

ప్రస్తుతానికి ఆ దారి గాలి తుపాకి. 2016 నియమావళి ప్రకారం 20 జౌళ్ళ శక్తి మించని .177 గాలి తుపాకికి లైసెన్సు అక్కరలేదు. అభినవ్ బింద్రా 2008 స్వర్ణానికీ, హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 కాంస్యానికీ ఆధారం ఆ ఆయుధమే. అయితే వారు పట్టినవి ఖరీదైన విదేశీ యంత్రాలు. .22 కాల్చాలనుకునేవాడు క్లబ్బు రైఫిలు కోసం వరుసలో నిలబడాలి. ఎన్నికలు వస్తే లైసెన్సుదారులు ఆయుధాలను ఠాణాలో అప్పగించాలి. అదే రోజుల్లో ఉత్తరప్రదేశ్, బీహారు పోలీసులు పట్టుకునే నాటు ‘కట్టా’లలో తరచు కనిపించేది .315 బోరు. కట్టా పట్టినవానికి లైసెన్సుతో గాని, నియమావళిలోని వర్గాలతో గాని పనిలేదు. ఏ ఎన్నికకూ అతడు దానిని ఠాణాలో దింపడు.