స్టౌట్ బీరు: రంగును దాటి రుచిని తూచడం

స్టౌట్ అంటే నల్లబడే దాకా వేయించిన బార్లీతో కాచే బీరు. పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో బరువులు మోసే శ్రామికులు ఎక్కువగా తాగిన పోర్టర్ అనే ముదురు బీరులోని ఘాటైన రకం నుంచి ఇది పుట్టింది. 1817లో డేనియల్ వీలర్ గింజలను తిప్పుతూ వేయించే డ్రమ్ముకు పేటెంటు పొందాక, మాల్టును, అంటే నానబెట్టి మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని, బొగ్గు కానివ్వకుండా నల్లగా వేయించడం సాధ్యమైంది. ఇలా వేయించిన గింజ రంగు ఎంత దట్టమంటే, కాపుకు వాడే ధాన్యంలో అది పదో వంతు ఉన్నా చాలు, మిగిలినదంతా లేత గింజే అయినా బీరు నల్లబడుతుంది.

ఈ సంగతి తెలియకపోవడం వల్లనే చాలామంది రంగును చూసి బలాన్ని ఊహించుకుంటారు. ఆర్థర్ గిన్నిస్ 1759లో తొమ్మిది వేల ఏళ్ల కౌలుకు తీసుకున్న డబ్లిన్ స్థలంతో నేటికీ ముడిపడి ఉన్న గిన్నిస్ డ్రాఫ్ట్‌లో ఆల్కహాల్ 4.2 శాతమే, తెలుగు రాష్ట్రాల్లో స్ట్రాంగ్ పేరుతో అమ్ముడయ్యే పసుపు బీర్లలో అంతకంటే బాగా ఎక్కువ ఉంటుంది. మరోవైపు, చిన్న తయారీశాలలు తమ సొంత పద్ధతిలో కాచే క్రాఫ్ట్ బీర్లలో పేరున్న ఓల్డ్ రాస్పుటిన్, ఒకప్పుడు లండన్ నుంచి రష్యా రాజాస్థానానికి ఎగుమతైన ఇంపీరియల్ స్టౌట్ కోవలో కాలిఫోర్నియాలోని ఫోర్ట్ బ్రాగ్‌లో తయారవుతుంది. అందులో ఆల్కహాల్ 9 శాతం. చూపుకు రెండూ నలుపే గనుక, చేతిలోని స్టౌట్ ఏ కోవకు చెందిందో తెలుసుకోకుండా దాని మంచిచెడ్డలు చెప్పబూనడం న్యాయం కాదు.

రుచి చూడడానికి వాడే గ్లాసు శుభ్రంగా ఉండాలి, ముఖ్యంగా జిడ్డు అసలు ఉండకూడదు, ఎందుకంటే జిడ్డు తగిలితే నురుగు నిలవదు. వంచి పట్టుకున్న గ్లాసులో సగం పోసి, ఆపై నిటారుగా నిలిపి మిగతాది పోస్తే గోధుమ రంగు నురుగు కడుతుంది. గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసినప్పుడు నలుపనుకున్నది అంచుల్లో ముదురు కెంపు రంగుగా కనిపించడం గిన్నిస్ వంటి ఐరిష్ స్టౌట్‌లో సహజం. నైట్రోజన్ కలిపిన స్టౌట్ అయితే గ్లాసు గోడల వెంట బుడగలు కిందికి జారుతున్నట్టు కనిపిస్తాయి: మధ్యభాగంలో బుడగలు గుంపుగా పైకి లేస్తూ బీరును వెంట తీసుకుపోగా, ఆ బీరు అంచుల వెంట కిందికి దిగుతూ అక్కడి చిన్న బుడగలను తనతో లాక్కుపోతుంది. చూపుకు ఎంత ముచ్చటగా ఉన్నా, 1985లో అమెరికాలో ఏర్పడిన బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ వారి పత్రంలో మొత్తం 50 మార్కులకు రూపానికి దక్కేది 3 మాత్రమే.

అదే పత్రంలో వాసనకు 12, రుచికి 20 మార్కులున్నాయి, అసలు పరీక్ష అక్కడే. నురుగు అణగకముందే గ్లాసును ముక్కు దగ్గరకు తెచ్చి చిన్నగా రెండు మూడుసార్లు పీల్చాలి, ఎందుకంటే తేలికగా ఆవిరయ్యే వాసనలు ముందే వెళ్లిపోతాయి. కాఫీ గింజకూ ఈ బార్లీకీ వాసన కలవడం యాదృచ్ఛికం కాదు, వేడికి గింజలోని చక్కెరలు, ప్రొటీన్ల అంశాలు కలిసి జరిపే చర్య రెండింటిలోనూ ఒకటే. వేయించిన వాసన కమ్మగా ఉండాలి, మాడు కంపు కొట్టకూడదు. వెన్న వాసన మితిమీరితే పులియబెట్టడం సరిగా ముగియలేదనీ, తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి సోకి బీరు పాతబడిందనీ అర్థం.

రుచిలో అందరూ తడబడేది చేదు దగ్గర. స్టౌట్‌లో చేదు రెండు చోట్ల నుంచి వస్తుంది: హాప్స్ అనే తీగ పువ్వుల నుంచి వచ్చేది నాలుకపై ఆకుపసరు ఛాయతో సాగితే, వేయించిన గింజ నుంచి వచ్చేది డికాక్షన్‌లా పొడిగా, కాస్త పులుపు కలిసి ఉంటుంది. ఈ రెండూ ఒకదానినొకటి మింగకుండా సాగితే అది తయారీదారు నేర్పు. గుక్క మింగాక అంగిలి బిగుసుకుపోయేంత వగరు మిగిలితే నల్లగింజ పాలు మించిందనో, ధాన్యాన్ని నీళ్లతో కడగడం శ్రుతి మించిందనో అనుమానించాలి. బీరు పరీక్షకులు వైన్ పరీక్షకుల మాదిరిగా ఉమ్మివేయక కొద్దిగా మింగేది ఈ చివరి రుచిని పట్టుకోవడానికే.

నోటిలోని నిండుదనానికి 5 మార్కులు. ఓట్స్ కలిపితే నునుపు, పులియని పాల చక్కెర కలిపితే తీపి, నైట్రోజన్ నింపితే మీగడ వంటి మెత్తదనం వస్తాయి, అయితే నైట్రోజన్ వాసనను కొంత మందగింపజేస్తుంది గనుక, ఆ లోటును బీరుకు అంటగట్టకూడదు. ఇటీవల కేకులు, చాక్లెట్ల రుచులు దట్టించిన స్టౌట్లపై పెరుగుతున్న మోజు వల్ల సాదా ఐరిష్ స్టౌట్ చిన్నచూపుకు గురవుతోంది, ఇది విచారించదగ్గ విషయం. తీపిలో, ఆల్కహాల్‌లో లోపాలు దాగుతాయి. 4 శాతం ఆల్కహాల్‌తో తేలికగా, పొడిగా ముగిసే బీరులో దాక్కునే చోటే లేదు.

స్టౌట్‌ను మంచులా చల్లబరిస్తే వాసనలు స్తంభించిపోతాయి. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలుపెట్టి, 14 దాకా వేడెక్కనిస్తూ నెమ్మదిగా రుచి చూడాలి, పలు స్టౌట్లు ఉంటే తేలికపాటిది ముందు, ఘాటైనది చివర. ఇంపీరియల్ స్టౌట్‌లో ఎండు ద్రాక్ష, ఖర్జూరం వంటి వాసనలు ఈ వేడికే బయటపడతాయి, గొంతు మండించే ముడి ఆల్కహాల్ ఉంటే అదీ అప్పుడే తెలుస్తుంది. అందుకే మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి కేటాయించిన చివరి 10 మార్కులను గ్లాసులో పావు వంతు మిగిలే వరకు వేయకుండా ఆగడమే మంచిది.