క్యాడ్ టెస్టా? ముందు యూనిట్లు చూడండి!

పెదపారుపూడి నుంచి గుడివాడ, గుడ్లవల్లేరు కాలేజీలకు వెళ్లే డిప్లొమా, బీటెక్ మిత్రులూ! డ్రాఫ్టింగ్ ఉద్యోగానికి వెళితే ఆటోక్యాడ్‌లో ప్లాన్ గీయమనొచ్చు. గీత ఎంత బాగున్నా కొలత తప్పితే అంతే సంగతులు.

* మన ఊళ్లో స్థలం లెక్క అడుగుల్లో. డ్రాయింగ్ మిల్లీమీటర్లలో అడిగితే? 30 అడుగుల గోడ 9,144 మి.మీ. అందుకే మొదట ‘యూనిట్స్’ సరిచూసుకోండి.
* అసలు కొలతతోనే గీయండి. స్కేలు సంగతి లేఅవుట్‌లో చూసుకోవచ్చు.
* ఎఫ్3తో ఆబ్జెక్ట్ స్నాప్, ఎఫ్8తో ఆర్థో ఆన్ చేస్తే గీతలు అతుకుతాయి, వంకర పోవు.
* గోడలు, తలుపులు, కొలతలకు వేర్వేరు లేయర్లు పెట్టండి.
* చివర్లో ‘డిస్ట్’తో ఒక గోడ కొలిచి చూడండి.

అర్హులైన విద్యార్థులకు ఆటోడెస్క్ ఈ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగానే ఇస్తోంది. ఈ ఆదివారం టేపు పట్టుకుని మీ ఇల్లే కొలిచి గీయండి. ఇంటర్వ్యూలో చూపించడానికి సొంత డ్రాయింగ్ ఒకటి సిద్ధం!