పుల్లకో మందు, పెట్టెకో మందు

వేలూరు పక్కనున్న సత్తువాచారి నుంచి పడమరగా వెళ్తే గుడియాత్తం వస్తుంది. లుంగీల నేతకూ, బీడీలకూ పేరున్న ఈ ఊరు శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టిల వరసలో తమిళనాడు అగ్గిపెట్టెల పరిశ్రమకు కూడా ఒక కేంద్రం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా అటు చిత్తూరు, ఇటు వేలూరు, గుడియాత్తం ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. అందుకే ఇక్కడి వీధుల్లో తెలుగు ఇప్పటికీ వినిపిస్తుంది. రసాయన చర్యల్లో శక్తి మార్పుల పాఠానికి ఈ ఊరి అగ్గిపుల్లను మించిన ఉదాహరణ నాకు కనబడలేదు.

వేడిని వదిలేది ఉష్ణమోచక చర్య, వేడిని తీసుకునేది ఉష్ణగ్రాహక చర్య అని పిల్లలు గడగడా అప్పజెప్తారు. అసలు అడగాల్సింది వేరే ఉంది. మండితే అంత వేడినిచ్చే పుల్ల, గీసేదాకా పెట్టెలో ఏళ్ళ తరబడి చల్లగా ఎలా పడి ఉంటుంది? కొత్త బంధాలు ఏర్పడాలంటే ముందు పాత బంధాలు తెగాలి. తెంచడానికి శక్తి కావాలి. ఒక మోల్ ఆక్సిజన్ అణువుల్లోని బంధాలు తెంచడానికే సుమారు 498 కిలోజౌల్స్ పడుతుంది. కొత్త బంధాలు ఏర్పడేటప్పుడు అంతకంటే ఎక్కువ తిరిగొస్తుంది కాబట్టి మొత్తం మీద వేడి మిగులుతుంది. కానీ ముందు కొంత శక్తి అందందే చర్య కదలదు. దాన్నే ఉత్తేజన శక్తి అంటారు. చెరువు నీటికి కట్ట ఎలాంటిదో చర్యకు ఇది అలాంటిది. ఆ కట్టను ఎంత ఎత్తులో ఉంచాలన్న వెతుకులాటే అగ్గిపుల్ల చరిత్రంతా.

1826లో ఇంగ్లండులోని స్టాక్‌టన్‌లో మందుల దుకాణం నడిపే జాన్ వాకర్, పొటాషియం క్లోరేట్, యాంటిమొనీ సల్ఫైడ్, జిగురు కలిపి పుల్ల కొనకు అద్దాడు. మరుసటి ఏడాది అమ్మకం మొదలుపెట్టాడు, పేటెంటు మాత్రం తీసుకోలేదు. ఆ పుల్లను మడిచిన గరుకు కాగితం మధ్య పెట్టి గట్టిగా లాగాలి. కట్ట మరీ ఎత్తయిందన్నమాట. 1830ల నాటికి తెల్ల భాస్వరం వచ్చి దాన్ని మరీ దించేసింది. గాలిలో 30 డిగ్రీలు దాటితే చాలు, అది తనంతట తానే అంటుకోగలదు. 40 డిగ్రీలు దాటే వేలూరు ఎండాకాలంలో అలాంటి సరుకు ఇంట్లో ఉంటే ఏమవుతుందో ఊహించండి. పైగా అది విషం. దాని ఆవిరి పీల్చిన కార్మికుల దవడ ఎముకలు కుళ్ళిపోయేవి. 1888లో లండన్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ అమ్మాయిలు సమ్మెకు దిగినప్పుడు ఈ జబ్బు లోకానికి గట్టిగా తెలిసింది. 1906లో బెర్న్ ఒప్పందం తెల్ల భాస్వరం పుల్లల్ని నిషేధించింది. మన దేశంలో 1913లో చట్టం వచ్చింది.

దారి స్వీడన్‌లో దొరికింది. గుస్తాఫ్ ఎరిక్ పాష్ 1844లో రెండు మందుల్నీ విడదీశాడు. యాన్‌షోపింగ్ పట్టణానికి చెందిన లుండ్‌స్ట్రోమ్ సోదరులు దాన్ని వ్యాపారంగా నిలబెట్టారు. పొటాషియం క్లోరేట్, గంధకం పుల్లకు, ఎర్ర భాస్వరం, గాజుపొడి పెట్టె పక్కకు. విడివిడిగా ఉన్నంతసేపూ రెండూ బుద్ధిగా ఉంటాయి. నా దృష్టిలో ఇది రసాయన శాస్త్రంలోకెల్లా తెలివైన ఏర్పాట్లలో ఒకటి.

గీసినప్పుడు రాపిడి వేడికి రవ్వంత ఎర్ర భాస్వరం తెల్ల భాస్వరంగా మారి అంటుకుంటుంది. ఆ వేడికి క్లోరేట్ విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది. గంధకం మండుతుంది. మోల్‌కు 297 కిలోజౌల్స్ వదులుతూ ఘాటైన సల్ఫర్ డయాక్సైడ్‌గా మారుతుంది. పుల్లకు పట్టించిన మైనం ఆ వేడిని తీసుకుని కరిగి, ఆవిరై మండుతుంది. చివరికి కర్ర అంటుకుంటుంది. ఒక్కో చర్య వదిలిన వేడి తర్వాతి దాని కట్టను దాటిస్తుంది.

మన దక్షిణాదికి ఈ పని తెచ్చినవాళ్ళలో శివకాశికి చెందిన అయ్య నాడార్, షణ్ముగ నాడార్ ముఖ్యులు. 1922లో కలకత్తా వెళ్ళి నేర్చుకుని వచ్చారు. చేతిపనిగా సాగిన ఈ పరిశ్రమలో ఎక్కువమంది ఆడవాళ్ళే. పిల్లలచేత కూడా చాలాకాలం చేయించారు. 1986 బాలకార్మిక చట్టం అగ్గిపెట్టెల తయారీలో పిల్లల్ని పెట్టకూడదంది. బడిలో ఈ పాఠం చదవాల్సిన వయసులో ఆ మందు ముట్టుకున్నవాళ్ళను మనం మరిచిపోకూడదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఒక పుల్ల పూర్తిగా కాలితే సుమారు ఒక కిలోజౌల్ వేడి వస్తుంది. లెక్క ప్రకారం అది 10 మిల్లీలీటర్ల నీటిని సుమారు 24 డిగ్రీలు వేడెక్కించాలి. పరీక్షనాళిక, థర్మామీటర్ పెట్టి మీ సమక్షంలోనే పిల్లలచేత కొలిపించండి. అంత రాదు. తగ్గిన వేడి గాలిలోకి పోయిందో, గాజు తీసుకుందో, కాలకుండా మిగిలిన కర్రలో ఉండిపోయిందో వాళ్ళనే వెతకమనండి. పుల్ల మందునూ పెట్టె మందునూ గీకి కలపడం మాత్రం ఎవరూ, ఎప్పుడూ చేయకూడదు. ఆ మిశ్రమం చిన్న తాకిడికే పేలుతుంది.