నులివెచ్చని ఊరు

ఆ ఊరికి దేనికీ కొదవ లేదు. డబ్బు లావాదేవీలు, నల్లని మెత్తటి ఉన్ని, కంటి మందు... లవొదికయ అంటే ఇవే గుర్తొచ్చేవి. ఇప్పటి టర్కీలోని దెనిజ్లి పట్టణం దగ్గర ఉన్నాయి దాని శిథిలాలు. క్రీ.శ. 60లో భూకంపానికి కూలిపోతే, రోము సాయం లేకుండా సొంత డబ్బుతోనే మళ్లీ లేచి నిలబడింది!

మంచినీళ్ల దగ్గరే వచ్చింది చిక్కు. పొరుగున హియెరాపొలిలో వేడినీటి ఊటలు, కొలొస్సయిలో చల్లటి నీళ్లు. లవొదికయకు మాత్రం దూరం నుంచి గొట్టాల్లో రావాలి. వచ్చేసరికి అటూ ఇటూ కాకుండా ఉండేవంటారు చాలామంది పండితులు. సున్నం పేరుకున్న ఆ గొట్టాలు నేటికీ కనిపిస్తాయి.

ప్రకటన గ్రంథంలోని ఏడు సంఘాల్లో చివరిది ఈ ఊరిదే. తప్పుడు బోధలు, విగ్రహాలకు అర్పించినవి తినడం... వేరే సంఘాల మీదున్న ఇలాంటి ఫిర్యాదులేవీ వీరిమీద లేవు. నులివెచ్చగా ఉన్నారు, ఏ లోటూ లేదనుకుంటున్నారు. అంతే! అందుకే డబ్బున్న ఊరివాళ్లను దరిద్రులనీ, కంటిమందు ఊరివాళ్లను గుడ్డివాళ్లనీ, ఉన్ని అమ్మేవాళ్లను దిగంబరులనీ అన్నాడు క్రీస్తు. ఎక్కడ ధీమా ఉందో సరిగ్గా అక్కడే గుచ్చాడన్నమాట.

యేసు తలుపు తడుతున్న బొమ్మ చాలా క్రైస్తవుల ఇళ్లలో, కేలండర్ల మీద కనిపిస్తుంది. అది ఇంకా నమ్మనివారి కోసమని అనుకుంటారు. నిజానికి ఆ మాట ఈ సంఘానికి రాసిందే. తనను కొలిచేవారి గుమ్మం బయటే ఆయన నిలబడ్డాడు! అడిగినవి కఠిన వ్రతాలేం కాదు. మనసు మార్చుకోవాలి, తలుపు తీయాలి. తీస్తే లోపలికొచ్చి, వాళ్లతో కూర్చుని భోంచేస్తానన్నాడు.