సినిమా నోటు కూలి చేతికొస్తే

పుల్లలచెరువు ప్రాంతం నుంచి గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్లే ఆడకూలీలకు డబ్బు చాలావరకు నోట్ల రూపంలోనే, మేస్త్రి చేతి మీదుగా అందుతుంది. పొద్దుగూకే వేళ నలుగురిలో నిలబడి నోటును వెలుతురుకు పెట్టి చూస్తే, ఆయన్ను అనుమానించినట్టవుతుంది. అందుకే మడిచి కొంగున కట్టుకుంటారు. అందులో ఒకటి సినిమా నోటైతే?

తెరమీద కనిపించే కట్టల్లో మామూలుగా పైనా కిందా అసలు నోట్లుంటాయి, మధ్యలో తెల్లకాగితాలు. గాల్లోకి ఎగరేయాలంటే రంగు ముద్రణ నోట్లు వాడతారు. వాటిమీద రిజర్వ్ బ్యాంక్ పేరు బదులు ‘చిల్డ్రన్ బ్యాంక్ ఆఫ్ ఇండియా’ అనో, షూటింగ్ కోసమే అనో ఉంటుంది. (మన సినిమాలకు కోట్ల కట్టల మీదున్న మోజు కూలిడబ్బు మీద లేదు. హిందీ ‘ఆర్టికల్ 15’లో మాత్రం కథకు మూలం మూడు రూపాయల కూలి పెంపు.)

నోటును పోలిన కాగితం తయారుచేసినా, వాడినా భారతీయ న్యాయ సంహిత 182వ సెక్షన్ కింద జరిమానా 300 రూపాయల వరకే. పాత శిక్షాస్మృతిలో అది 100. చలామణి కోసం నకిలీ నోటు ముద్రిస్తే మాత్రం 178వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా పడుతుంది. ఉత్తుత్తి నోటును అసలుదని నమ్మించి అంటగట్టడం మోసం కిందికి వస్తుంది.

ఇంత తేడా ఉన్న కాగితాన్ని ఎవరు నమ్ముతారని అనుకోవద్దు. 2017 ఫిబ్రవరిలో ఢిల్లీలో ఒక ఏటీఎం నుంచే ‘చిల్డ్రన్ బ్యాంక్’ రెండువేల నోట్లు వచ్చాయి. 2024లో అహ్మదాబాద్‌లో ఒక బంగారం వ్యాపారికి గాంధీ స్థానంలో నటుడు అనుపమ్ ఖేర్ బొమ్మ ఉన్న నోట్లు అంటగట్టారు. వాటిమీద ‘రిసోల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా’ అని ఉంది. నోట్లు లెక్కపెట్టడమే పనిగా ఉన్నవాళ్లే మోసపోయారు. చదువు రాని కూలితల్లిని ‘చూసుకోవద్దా’ అని గదమాయించడం ఏం న్యాయం?

పోగొట్టుకున్న కూలి కన్నా పోలీసుల భయమే ఆమెకు ఎక్కువ. నిజానికి నకిలీ అని తెలిసి, చలామణి చేసే ఉద్దేశంతో దగ్గర ఉంచుకుంటేనే 180వ సెక్షన్ నేరం. న్యాయమైన దారిలో వచ్చిందని చూపితే నేరం కాదని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. ‘నువ్వే మార్చావు’ అంటూ దళిత కూలీపై దళితేతరులు తప్పుడు కేసు పెడితే, ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం 3(1)(పి) వాళ్లకే వర్తిస్తుంది.

బ్యాంకులో దొరికిన నకిలీ నోటుకు బదులు డబ్బు రాదు. నోటుమీద ముద్ర వేసి బ్యాంకే ఉంచుకుంటుంది. ఒక్కసారికి నాలుగు నోట్ల వరకైతే నెలవారీ నివేదికలో పోలీసులకు తెలుపుతుంది, అయిదు లేదా అంతకు మించితే ఎఫ్‌ఐఆర్. ఎన్ని దొరికినా రసీదు ఇవ్వాల్సిందే. దాన్ని అడిగి తీసుకుని దాచుకోవాలి. మేస్త్రిని ఆ కూలి మళ్లీ అడగడానికి చేతిలో ఉండే కాగితం అదొక్కటే.