ఊహ ముందు... క్లిక్ తర్వాత!

కళ్లెదుట ఉన్నదాన్ని పట్టుకోవడం కెమెరాకు పుట్టుకతో వచ్చిన విద్య. మరి మనసులో ఉన్నదాన్ని? లోలోపల నలిగే దిగులునీ ఎవరికీ చెప్పుకోలేని కోపాన్నీ చిన్ననాటి భయాన్నీ ఫొటో తీయగలమా? తీయగలం అంటుంది కాన్సెప్చువల్ ఫొటోగ్రఫీ. ఇందులో ముందు ఆలోచన పుడుతుంది. దాన్ని చెప్పే దృశ్యాన్ని ఫొటోగ్రాఫర్ తానే కడతాడు. క్లిక్‌మనిపించడం ఆఖరి పని.

అన్యాయం ఎలా ఉంటుంది?

ఫొటోషాప్‌తో పుట్టిన కళ కాదిది. ఫొటోగ్రఫీకి ఎంత వయసుందో దీనికీ దాదాపు అంతే ఉంది. 1839లో ఫ్రాన్స్ ప్రభుత్వం లూయీ డాగేర్ కనిపెట్టిన ఫొటో పద్ధతికి పట్టం కట్టి, ఆయనకు పింఛను ఇచ్చింది. కాగితం మీద నేరుగా బొమ్మ తెప్పించే పద్ధతిని సొంతంగా కనిపెట్టిన ఇపొలిత్ బయార్‌కు ఆ గౌరవం దక్కలేదు. కడుపు రగిలిన బయార్ 1840లో చొక్కా విప్పి, కళ్లు మూసి, శవంలా ఒరిగి కూర్చుని తన ఫొటో తానే తీసుకున్నాడు. ప్రభుత్వం పట్టించుకోక నీళ్లలో పడి చచ్చిపోయిన బయార్ ఇతడేనని దాని వెనక రాశాడు. నిజానికి ఆయన 1887 దాకా బతికాడు. అన్యాయానికి రూపం లేదు. మునిగి చనిపోయిన మనిషికి ఉంది. కంటికి కనిపించని బాధకు కనిపించే ఒక ఒంటిని ఇవ్వడమే ఈ కళలోని కిటుకు.

గాల్లో తేలిన డాలీ

చిత్రకారుడు సాల్వడార్ డాలీని అణువు గురించిన ఆలోచనలు పట్టి ఊపేస్తున్న కాలమది. అన్నీ ఒకదాన్నొకటి తాకకుండా తేలుతున్నట్లు ఆయన బొమ్మ గీస్తుంటే, ఫొటోగ్రాఫర్ ఫిలిప్ హాల్స్‌మన్ అదే ఊహను ఫొటోలోకి తేవాలనుకున్నారు. 1948లో స్టూడియోలో తీగలకు చిత్రాలు వేలాడదీశారు. సహాయకులు మూడు పిల్లులనూ బకెట్టెడు నీళ్లనూ గాల్లోకి విసిరేవారు. ఆ క్షణానే డాలీ ఎగిరేవారు. అనుకున్నట్లు కుదిరేసరికి 28 సార్లు తీయాల్సి వచ్చింది. ఊహ మెరుపులా తట్టవచ్చు, దాన్ని నిలబెట్టేది మాత్రం ఓపికే.

లక్ష్మీదేవి వేషంలో...

బెంగళూరుకు చెందిన పుష్పమాల ఎన్. శిల్పకళ చదువుకుని, తర్వాత కెమెరా ముందుకొచ్చారు. ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి 2000-2004 మధ్య ‘నేటివ్ విమెన్ ఆఫ్ సౌత్ ఇండియా’ చేశారు. మన పూజగదుల్లో పటంగా, గోడల మీద క్యాలెండర్‌గా వెలిసిన రవివర్మ లక్ష్మి తెలుసుగా! ఆ చీరా నగలూ రంగుల పరదా అన్నీ సమకూర్చుకుని పుష్పమాల తానే లక్ష్మిగా నిలబడ్డారు. తెల్లదొరలు మనుషుల్ని గళ్ల తెర ముందు నిలబెట్టి కొలతలు తీసిన తరహా ఫొటోలనూ తిరిగి సృష్టించారు. దేవత పటంలో మామూలు మనిషి ముఖం కనిపించగానే, ఆడవాళ్లు ఇలా ఉండాలని అసలు నిర్ణయించింది ఎవరన్న ప్రశ్న మనలో లేస్తుంది.

మహారాష్ట్రలోని జవ్హార్ ప్రాంతంలో ఫొటోగ్రాఫర్ గౌరీ గిల్ 2015లో మొదలుపెట్టిన ‘యాక్ట్స్ ఆఫ్ అప్పియరెన్స్’ది మరో దారి. అక్కడ కాగితపు గుజ్జుతో మాస్కులు చేసే ఆదివాసీ కళాకారులతో కలిసి పనిచేశారామె. మాస్కులు తొడుక్కున్న ఊరివాళ్లు రోజువారీ పనుల్లో కనిపిస్తారు. ఇందులో ఊహ ఫొటోగ్రాఫర్ ఒక్కరిదే కాదు, ఊరిదీనూ.

మీరూ మొదలుపెట్టండి

ఇందుకు ఖరీదైన కెమెరా అక్కర్లేదు, ఫోన్ చాలు. ముందుగా మీ మనసులోని మాటను ఒక్క వాక్యంలో రాసుకోండి. రాయలేకపోతే ఆలోచన ఇంకా పండలేదని అర్థం. తర్వాత ఆ మాటను మోయగల వస్తువు మీ ఇంట్లోనే వెతకండి. పగిలిన అద్దం, పంజరంలో పక్షి, వాడిన గులాబీ... వీటిని అందరూ వాడేశారు. నాన్న దుబాయ్‌లో ఉన్న పిల్లాడికి ఎదురుచూపంటే ఆయన వదిలివెళ్లిన చొక్కా కావచ్చు. ఏటా పుట్టినరోజున అదే చొక్కా తొడిగి, అదే గుమ్మంలో ఫొటో తీస్తే, మోకాళ్ల కింద వేలాడిన చొక్కా ఏడాదికేడాది పైకి జరుగుతూ, దూరమైన కాలాన్నంతా చెబుతుంది.

తీశాక మరొకరికి చూపించండి. మీరేమీ వివరించకుండానే వాళ్లకు ఏదో తగిలిందంటే ఫొటో పండినట్లే. అందమైన ఫొటోలకు ఇప్పుడు లోటు లేదు. మీరు తప్ప ఇంకెవరూ తీయలేని ఫొటో మాత్రం మీ కోసమే మిగిలి ఉంది. ఈ ఆదివారమే తీయండి!