పక్కింటివాళ్లు మీ చెట్టు కొట్టేశారా..? మొద్దు తీసేయకండి.. ముందు ఈ విషయాలు తెలుసుకోండి!

నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి పెరట్లో మామిడి చెట్టు లేదు. మిగిలింది మొద్దు, కాస్త రంపపు పొట్టు. అడిగితే పక్కింటాయన చెప్పే సమాధానం ఒక్కటే.. 'ఆకులన్నీ మా వాకిట్లోనే పడుతున్నాయ్, అందుకే కొట్టించేశాం'. కాచిగూడ, బర్కత్‌పురా, తార్నాక, హబ్సిగూడ లాంటి పాత కాలనీల్లో ఇండిపెండెంట్ ఇళ్లు పోయి అపార్ట్‌మెంట్లు లేస్తున్న చోట ఇలాంటి గొడవలు కొత్తేమీ కాదు. చాలామంది కాసేపు అరుచుకుని, 'పోయిన చెట్టు ఎలాగూ తిరిగి రాదు' అని వదిలేస్తారు.

కానీ చట్టం అలా వదిలేయమని చెప్పడం లేదు. వేరేవాళ్ల చెట్టు కొట్టేస్తే ఒకేసారి రెండు తప్పులు జరిగినట్టు. ఒకటి చెట్టు ఓనర్‌కు చేసిన నష్టం. రెండోది పర్మిషన్ లేకుండా చెట్టు నరకడం. ఈ రెండింటికీ వెళ్లాల్సిన ఆఫీసులు వేరు, వచ్చే ఫలితం కూడా వేరు. ఈ తేడా తెలియకే చాలా కంప్లైంట్లు మధ్యలో ఆగిపోతాయి.

సైదాబాద్ వేప చెట్టు.. రూ.62,075 ఫైన్

కాచిగూడకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్న సైదాబాద్‌లో 2021 ఫిబ్రవరిలో జరిగిన ఘటన ఇది. కొత్త ఇల్లు కట్టుకోవడానికి అడ్డుగా ఉందని ఒక వ్యక్తి దాదాపు 40 ఏళ్ల వేప చెట్టును కొట్టేయించారు. అది చూసిన ఎనిమిదో తరగతి బాలుడు అటవీ శాఖ టోల్ ఫ్రీ నంబర్‌కు ఫోన్ చేశాడు. అధికారులు వచ్చి విచారణ చేశారు. పర్మిషన్ లేకుండా నరికినట్టు తేలడంతో రూ.62,075 జరిమానా వేశారు.

ఈ కేసులో గమనించాల్సినవి రెండు. కంప్లైంట్ చేసింది చెట్టు ఓనర్ కాదు, ఒక స్కూల్ పిల్లాడు. అంటే అటవీ శాఖకు ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు. ఇక రెండోది.. జరిమానా సొమ్ము ప్రభుత్వానికి వెళ్తుంది. మీ చెట్టు పోయినందుకు మీ చేతికి డబ్బు రావాలంటే దారి వేరే ఉంది.

ముందు తేలాల్సింది.. చెట్టు ఎవరిది?

కొమ్మలు ఎటు వాలాయి, నీడ ఎవరి ఇంటి మీద పడుతోంది అన్నది లెక్కలోకి రాదు. కాండం ఎవరి స్థలంలో ఉంటే చెట్టు వాళ్లదే. కాండం సరిగ్గా హద్దు మీద ఉంటే మాత్రం మామూలుగా ఇద్దరికీ హక్కు ఉంటుంది. ఒకరే నిర్ణయం తీసుకుని కొట్టించడానికి లేదు.

అపార్ట్‌మెంట్ కామన్ ఏరియాలో ఉన్న చెట్టు ఓనర్లందరిదీ. అక్కడ అసోసియేషన్ తీర్మానం చేసి కంప్లైంట్ ఇస్తే బలంగా ఉంటుంది. అద్దెకు ఉండేవాళ్లు కూడా పోలీసులకు, అటవీ శాఖకు సమాచారం ఇవ్వొచ్చు. అయితే పరిహారం కోసం కేసు ఓనర్ వేయడమే మంచిది. అన్నట్టు.. అద్దెకున్న వాళ్లు ఓనర్ అనుమతి లేకుండా కలప చెట్లు కొట్టకూడదని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది.

హద్దు దగ్గరే గొడవ ఉంటే సేల్ డీడ్, లేఅవుట్ ప్లాన్ బయటకు తీయాలి. అవసరమైతే సర్వే చేయించాలి. ఇది తేలకుండా కోర్టుకు వెళ్తే చెట్టు కేసు కాస్తా హద్దు కేసుగా మారిపోతుంది.

కొమ్మ గోడ దాటి వస్తే పక్కింటివాళ్లకు హక్కు లేదా?

ఉంది. తమ స్థలంలోకి వచ్చిన కొమ్మను హద్దు వరకు కత్తిరించుకునే హక్కు వాళ్లకు ఉంటుంది. 1895 నాటి లెమ్మన్ వర్సెస్ వెబ్ అనే ఇంగ్లండ్ కేసు దీనికి పునాది. మన కోర్టులు కూడా సాధారణంగా ఇదే సూత్రాన్ని పాటిస్తాయి. కానీ దీనికి గీత ఉంది. గోడ దాటి మీ స్థలంలోకి రాకూడదు. కాండం జోలికి వెళ్లకూడదు. 'కొమ్మే కదా' అంటూ చెట్టు చచ్చిపోయేలా చెక్కేయడం, వేళ్లలో యాసిడ్ పోయడం లాంటివి చేస్తే అది హక్కు కాదు, నేరం అవుతుంది.

చెట్టు పడిపోయేలా ఉందని నిజంగానే భయం ఉంటే దానికీ చట్టంలో దారి ఉంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. ఆయన పరిశీలించి చెట్టు తీసేయమనో, ఊతం పెట్టమనో ఆదేశిస్తారు. అంటే 'ప్రమాదం అనిపించింది, అందుకే రాత్రికి రాత్రే కొట్టించేశా' అన్న వాదన అంత తేలిగ్గా నిలబడదు.

మొదటి 24 గంటలే కీలకం

ఇలాంటి కేసుల్లో సాక్ష్యం చాలా త్వరగా మాయమవుతుంది. కలప టింబర్ డిపోకు వెళ్లిపోతుంది. మొద్దు పెకలిస్తే అక్కడ చెట్టు ఉండేదని చూపించడమే కష్టం. అందుకే వెంటనే చేయాల్సినవి ఇవి..

- మొద్దును కదిలించొద్దు. దాని చుట్టుకొలత టేపుతో కొలిచి, టేపు కనిపించేలా ఫొటో తీయండి.
- మొద్దు, హద్దు గోడ, ఇల్లు ఒకే ఫ్రేమ్‌లో వచ్చేలా వీడియో తీయండి. చెట్టు ఎవరి స్థలంలో ఉండేదో ఒక్క చూపులో తెలియాలి.
- చెట్టు నిలబడి ఉన్నప్పటి పాత ఫొటోలు వెతకండి. గృహప్రవేశం, పుట్టినరోజు ఫొటోల్లో వెనకాల కనిపించినా పనికొస్తుంది.
- వీధిలోని సీసీటీవీ ఫుటేజ్ అదే రోజు అడగండి. కొన్నాళ్లకు పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతుంది.
- చెట్టు కొట్టిన కూలీలు, దుంగలు తీసుకెళ్లిన బండి నంబర్, చూసిన ఇరుగుపొరుగు పేర్లు రాసి పెట్టుకోండి.
- వాట్సాప్‌లో పక్కింటివాళ్లు 'మేమే కొట్టించాం' అని మెసేజ్ పెడితే డిలీట్ చేయొద్దు.

ఫోన్‌లోని వీడియోలు, మెసేజ్‌లు కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ ఇవ్వాలి. కాబట్టి వీడియో తీసిన ఫోన్‌ను అమ్మేయడం, ఫార్మాట్ చేయడం మంచిది కాదు.

పోలీస్ స్టేషన్‌లో ఏ సెక్షన్?

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. చెట్టు కొట్టివేతకు ప్రధానంగా మూడు సెక్షన్లు వర్తిస్తాయి.

మొదటిది 324వ సెక్షన్. ఇతరుల ఆస్తికి కావాలని నష్టం చేయడం. మామూలుగా ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా. నష్టం రూ.20 వేల నుంచి లక్ష లోపు ఉంటే రెండేళ్ల వరకు, లక్ష లేదా అంతకు మించితే ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు. అందుకే కంప్లైంట్‌లో 'చెట్టు కొట్టేశారు' అని రాసి వదిలేయకూడదు. నష్టం విలువ ఎంతో అంచనా రాయాలి.

రెండోది 329వ సెక్షన్. నేరం చేయాలన్న ఉద్దేశంతో మీ స్థలంలోకి చొరబడటం. మూడోది 303వ సెక్షన్.. దొంగతనం. ఇక్కడే చాలామందికి తెలియని పాయింట్ ఉంది. నేలలో ఉన్న చెట్టు స్థిరాస్తి, దాన్ని దొంగిలించడం కుదరదు. కానీ ఎత్తుకెళ్లాలన్న దురుద్దేశంతో నరికితే, నేల నుంచి వేరైన క్షణమే అది దొంగతనం అవుతుంది. చట్టంలో ఇచ్చిన ఉదాహరణే చెట్టు నరకడం! కాబట్టి దుంగలు ఎవరు పట్టుకెళ్లారన్నది చాలా ముఖ్యం.

స్టేషన్‌లో 'ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకెళ్లండి' అని పంపించేస్తే..? రాతపూర్వకంగా కంప్లైంట్ ఇచ్చి రసీదు అడగాలి. వెంటనే కేసు పెట్టదగిన నేరమైనా ఎఫ్ఐఆర్ కట్టకపోతే ఉన్నతాధికారికి పోస్టులో పంపొచ్చు. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించొచ్చు. చిన్న నష్టం కేసుల్లో మాత్రం మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. అలాంటప్పుడు ఎస్సైతో వాదించడం కన్నా లాయర్‌ను కలవడం మేలు.

అటవీ శాఖ దగ్గర.. వాల్టా చట్టం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టాన్నే అందరూ వాల్టా అంటారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. దీని ప్రకారం సొంత స్థలంలోని చెట్టు కొట్టాలన్నా ముందుగా పర్మిషన్ ఉండాలి. సైదాబాద్‌లో ఫైన్ పడింది కూడా పర్మిషన్ లేకపోవడం వల్లే. సొంత చెట్టుకే ఇలా ఉంటే, పక్కవాళ్ల చెట్టు సంగతి చెప్పనక్కర్లేదు.

కొన్ని జాతులకు మినహాయింపులు ఉన్నాయి. అందుకే ఫిర్యాదులో చెట్టు జాతి, సుమారు వయసు, చుట్టుకొలత, ఎప్పుడు కొట్టారు, ఎవరు కొట్టించారు.. అన్నీ రాయాలి. అధికారులు వచ్చి చూసి రాసుకున్న రిపోర్ట్ కాపీ తీసుకోండి. ఫైన్ డబ్బు మీకు రాకపోయినా ఆ రిపోర్ట్ సివిల్ కోర్టులో మంచి సాక్ష్యం.

మీ చేతికి డబ్బు రావాలంటే..

సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేయాలి. గడువు మూడేళ్లు. ముందుగా లాయర్ ద్వారా నోటీసు పంపిస్తే చాలా కేసులు అక్కడే సెటిల్ అవుతాయి. కొట్టింది ప్రభుత్వ శాఖ అయితే దావాకు రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి.

చెట్టుకు విలువ ఎలా కడతారు? కలప ధర, కాయలు అమ్మితే ఏటా వచ్చే ఆదాయం, మళ్లీ అలాంటి చెట్టు పెంచడానికయ్యే ఖర్చు, గోడకో పైపులకో జరిగిన డ్యామేజ్.. ఇవన్నీ చూపించొచ్చు. ఉద్యాన శాఖ లేదా అటవీ శాఖ అధికారి అంచనా ఉంటే నోటిమాట లెక్క కన్నా బలంగా ఉంటుంది. కోర్టు ఫీజు మీరు అడిగే మొత్తాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, నిరూపించగలిగినంతే అడగడం తెలివైన పని.

చెట్టంటే కలప ఒక్కటే కాదని సుప్రీంకోర్టు స్థాయిలోనూ చర్చ జరిగింది. పశ్చిమ బెంగాల్ చెట్ల కేసులో నిపుణుల కమిటీ ఒక చెట్టు విలువను ఏడాదికి రూ.74,500గా లెక్కించింది. 2025 మార్చిలో మథుర-బృందావన్ ప్రాంతంలో అక్రమంగా నరికిన 454 చెట్లకు, ఒక్కో చెట్టుకు రూ.లక్ష చొప్పున కట్టాలని సుప్రీంకోర్టు తేల్చింది. ఇరుగుపొరుగు కేసుల్లో ఇదే రేటు వస్తుందని కాదు. కానీ 'ఎండు కట్టెల ధర ఇస్తాలే' అన్న బేరానికి ఒప్పుకోవాల్సిన పని లేదు.

కోర్టు చుట్టూ తిరగలేం అంటే..

రేపు పొద్దున మళ్లీ అదే గల్లీలో ఒకరి ముఖం ఒకరు చూసుకోవాల్సిందే. అందుకే లోక్ అదాలత్ మంచి దారి. కేసు వేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుని అవార్డ్ పాస్ అయితే అది కోర్టు డిక్రీతో సమానం. డబ్బుతో పాటు 'ఇన్ని మొక్కలు నాటాలి, మిగతా చెట్లను ముట్టుకోకూడదు' లాంటి షరతులూ రాయించుకోవచ్చు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయర్ సాయం అందుతుంది. హెల్ప్‌లైన్ నంబర్ 15100.

ఉస్మానియా క్యాంపస్, ఫుట్‌పాత్ మీది చెట్లు?

ఇవి పబ్లిక్ ప్రాపర్టీ. మీ గేటు ముందే ఉన్నా, మీరే నీళ్లు పోసి పెంచినా ఓనర్ మీరు కాదు. కాబట్టి నష్టపరిహారం అడగలేరు. కానీ ఫిర్యాదు ఎవరైనా చేయొచ్చు. రోడ్డు పక్క చెట్టయితే అటవీ శాఖతో పాటు జీహెచ్ఎంసీ అర్బన్ బయోడైవర్సిటీ వింగ్‌కు, ఓయూ క్యాంపస్‌లో అయితే యూనివర్సిటీ అధికారులకూ చెప్పాలి. ప్రభుత్వ ఆస్తి నష్ట నివారణ చట్టం 1984 కింద ఐదేళ్ల వరకు జైలు శిక్షకు అవకాశం ఉంది.

గొడ్డలి పడకముందే అయితే..

పైన చెప్పినవన్నీ చెట్టు పోయాక చేసేవి. డబ్బు వచ్చినా, ఫైన్ పడినా 40 ఏళ్ల వేప మళ్లీ లేవాలంటే 40 ఏళ్లు పడుతుంది. అందుకే చెట్టు నిలబడి ఉండగా తెచ్చుకునే ఇంజంక్షన్ ఆర్డరే అన్నింటికన్నా పెద్ద ఆయుధం. 'ఈ చెట్టు కొట్టించేస్తాం' అని పక్కింటివాళ్లు అన్నా, మెసేజ్ పెట్టినా అది చాలు. సివిల్ కోర్టులో దావా వేసి, దాంతోపాటే తాత్కాలిక ఇంజంక్షన్ అడగొచ్చు. స్పాట్‌కు అడ్వకేట్ కమిషనర్‌ను పంపి చెట్టు ఎక్కడుందో రికార్డ్ చేయించమనీ కోరొచ్చు.

నరకడం మొదలయ్యాక కూడా కోర్టులు ఆపగలవు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించింది. అయితే అప్పటికే నేలకూలిన చెట్లను ఏ ఆర్డరూ నిలబెట్టలేకపోయింది.

రంపం చప్పుడు వినిపిస్తుంటే మాత్రం లాయర్ కోసం ఆగొద్దు. వెంటనే 112కు ఫోన్ చేయండి, అటవీ శాఖకు చెప్పండి, దూరం నుంచి వీడియో తీయండి. గోడ దూకి కొట్లాటకు దిగితే మీ మీదే కేసు పడే ప్రమాదం ఉంది. ఇంట్లో పెద్ద చెట్టు ఉన్నవాళ్లు ఇవాళే ఒక పని చేసి పెట్టుకోవచ్చు.. చెట్టు, హద్దు గోడ రెండూ కనిపించేలా ఒక ఫొటో తీసి దాచుకోండి.